లివర్ తగ్గింది

ఉప్పల్‌లో ప్రాక్టీసు చేసినన్నాళ్లలో నేను పోగొట్టుకున్న చెప్పులు నాలుగు జతలు. 1993లో చౌరస్తాకు దగ్గర్లో ఒక మేడమీద స్కానింగ్ సెంటర్ పెట్టాను. ఏసీ గది కనక చెప్పులు బయట విడవమని బోర్డు రాయించాను. జనం బోర్డును గౌరవించారు. తిరిగి వెళ్లేటప్పుడు ఎవరి చెప్పులు ఎవరివన్న పట్టింపు మాత్రం పెట్టుకోలేదు.

అల్ట్రాసౌండ్ అప్పటికి మా వైపు కొత్త. కడుపు మీద జెల్లీ రాసి, ప్రోబ్ అనే చేతి పరికరంతో అదిమితే, శబ్ద తరంగాలు లోపలికి వెళ్లి తిరిగొచ్చి తెరమీద బూడిదరంగు బొమ్మ గీస్తాయి. పేషంట్లకు అది గాలివానలో టీవీలా కనిపించేది. చదువుకునే రోజుల్లో మొదటి ఏడాది నాకూ అలాగే కనిపించింది. పైకి చెప్పలేదు.

ఆ వానాకాలం నాచారం నుంచి కామెర్ల కేసులు వరసగా వచ్చాయి. ఏ వైరసో తేల్చే పరీక్షలు మాకు అందుబాటులో లేవు. అది లివర్‌ను ఎంత దెబ్బతీసిందో చూడటమే నా పని.

గ్రేసమ్మ అలా వచ్చినావిడే. ముప్పై ఏళ్లుంటాయి, ఇంట్లో జాకెట్లు కుట్టేది. వెంట భర్త ప్రభుదాస్, ఫ్యాక్టరీ యూనిఫారంలోనే. జెల్లీ తగలగానే ఉలిక్కిపడింది.

"గిదేంది సార్, ఫ్రిజ్‌లకెళ్లి తీసిండ్రా?"

"కళ్లు ఎప్పట్నుంచి పచ్చబడ్డాయమ్మా?"

"నాలుగు దినాలాయె. మ్యాచింగ్ జాకెట్ కుట్టుకుందామనుకుంటున్న."

"నీ పరాచికాలు ఆపుతవా జర?" అన్నాడు ప్రభుదాస్, తనూ నవ్వుతూ.

లివర్ పదహారు సెంటీమీటర్లు, వాచి ఉంది. వైరస్ సోకిన లివర్ చాలామందిలో ఇలాగే ఉంటుంది. "లివర్ పెరిగింది. రెస్టు తీసుకోవాలి," అన్నాను.

"తగ్గుతది గద సార్?"

"చాలామందికి తగ్గుతుంది."

ఆరో రోజు, శనివారం మధ్యాహ్నం, మళ్లీ వచ్చారు. ఈసారి జెల్లీ రాస్తే ఆమె ఏమీ అనలేదు. పేరడిగితే కొంచెం ఆలోచించి చెప్పింది.

"పొద్దుగాల్నుంచి మత్తుగుంటుంది సార్," అన్నాడు ప్రభుదాస్. "స్కానింగ్‌ల గడబడ ఉంటే సీదా పెద్ద దవాఖానకు తీస్కపొమ్మన్నడు మా డాక్టరు. ఆటో కిందనే నిలబెట్టిన."

తెరమీద లివర్ పది సెంటీమీటర్లకు దిగింది. చుట్టూ నీరు చేరింది. కామెర్లు ముదురుతున్నప్పుడు లివర్ చిన్నదైందంటే లోపల కణాలు చచ్చిపోతున్నాయని అర్థం. అంతకన్నా చెడ్డ బొమ్మ ఈ జబ్బులో నేను చూడలేదు. తెర మీంచి కళ్లు తిప్పకుండా టైపిస్టుకు కొలతలు చెబుతున్నాను.

"ఎట్లుంది సార్?"

"లివర్ బాగా తగ్గింది," అన్నాను, కొలతలు చెప్పే గొంతుతోనే. "రిపోర్టు మీ డాక్టరుకు చూపించండి."

అతను రెండు చేతులూ జోడించాడు. వెళ్లొస్తానంటున్నాడనుకున్నాను. రిపోర్టులో 'అర్జెంట్' అని పెద్దక్షరాలతో, ఇంగ్లీషులో కొట్టించి, కవర్లో పెట్టి అంటించాం. ఆ పని మేం చాలా శ్రద్ధగా చేసేవాళ్లం.

"తగ్గిందంట గ్రేసూ, ఇంటికి పోదాం" అని అతను మెట్లమీద అన్నాడట. ఆటో నాచారం తిరిగింది. మర్నాడు ఆదివారం, వాళ్ల డాక్టరు ఉండడు. తగ్గిన జబ్బుకు తొందరేముంది?

సోమవారం కవరు చించిన డాక్టరు నాకు ఫోన్ చేశాడు. "ఇంత చిన్న లివర్ చూసి మనిషిని ఇంటికెట్ల పంపినవయ్యా?" అప్పటికి ఆమెకు స్పృహ లేదు. పెద్ద దవాఖానలో చేర్చారు. బుధవారం పోయింది.

శనివారమే వెళ్లుంటే బతికేదా? ఆ రోజుల్లో ఆ దశకు ఉన్న వైద్యం అంతంతమాత్రం, బతికేదని ఎవరూ చెప్పలేరు. ఈ వాక్యం నాకు చాలా ఏళ్లు పనికొచ్చింది.

జ్వరం తగ్గితే మనకు సంతోషం, దగ్గు తగ్గితే సంతోషం. లివర్ ఒక్కటే తగ్గకూడదని అతనికెలా తెలుస్తుంది? నేను సైజు చెప్పాను, అతను జబ్బు సంగతి విన్నాడు. ఆ తర్వాత స్కాన్ గదిలో ఆ మాట వాడటం మానేశాను. "లివర్ చిక్కిపోయింది, ప్రమాదం, ఇంటికి పోవద్దు" అని చెప్పి, ఏం అర్థమైందో వాళ్ల నోటితో చెప్పించుకున్నాకే కవరు ఇవ్వడం అలవాటు చేసుకున్నాను.

రెండు నెలలకు ప్రభుదాస్ వచ్చాడు. ఫ్యాక్టరీలో ఇవ్వడానికి రిపోర్టు నకలు కావాలన్నాడు. కూర్చోబెట్టి, వాచిన లివర్ ఒకటి, చిక్కిన లివర్ ఒకటి కాగితం మీద గీసి, ఆ రోజు నేను ఏ ఉద్దేశంతో ఏమన్నానో అంతా వివరించాను. మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. నకలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"గింత మంచిగ చెప్పొస్తది గద సార్ మీకు," అన్నాడు. "గా దినమెందుకు చెప్పలే?"