కొత్తిమీర కట్టల రబ్బరుతో ఎగిరిన పిట్ట

ఆ రోజుల్లో నాకు రాని పని ఏదైనా ఉందంటే అది వంట ఒక్కటేనని నా గట్టి నమ్మకం. (మిగతావీ రావని తర్వాత తెలిసింది.) ఒమాన్‌కు వచ్చి ఏడాది కూడా కాలేదు. అల్ హైల్‌లో కంపెనీ ఇచ్చిన రూమ్‌లో ఆరుగురం ఉండేవాళ్లం, అందరిదీ ఒకే సైట్. రోజుకొకరికి వంట డ్యూటీ, సెలవు కాబట్టి శుక్రవారం మాత్రం అందరం కలిసి. నా వంతు వచ్చిన రోజు మిగతా ఐదుగురూ దారిలోనే ఖుబూస్ రొట్టెలు తినేసి, "ఆకలైతలేదు తమ్మీ" అంటూ లోపలికి వచ్చేవారు.

అలాంటి నేను ఒక సాయంత్రం ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఎవరో పుల్లలతో, పలచటి ప్లాస్టిక్‌తో పిట్టను చేసి, దాని కడుపు కింద రబ్బరు బ్యాండు మెలిపెట్టి వదిలారు. బ్యాటరీ లేదు, మోటారు లేదు. అది టపటపా రెక్కలు కొట్టుకుంటూ ఎగిరిపోయింది. దాన్నే నాలుగుసార్లు వేసి చూశాను. ఆపైన నోట వచ్చిన మొదటి మాటే కొంప ముంచింది: "గిసొంటిది నేను చేస్త." మా రూమ్‌లో అందరికన్నా పెద్దవాడు, స్లాబులకు చెక్క అచ్చులు బిగించే షట్టరింగ్ పని చేసే స్లాబ్ మామ, నన్ను ఎగాదిగా చూశాడు. "నీ చారే గొంతు దిగది, నీ పిట్ట పైకెట్ల లేస్తదిర? లేస్తె నెల రోజులు నీ వంతు వంట నేను జేస్త. లేవకుంటె నెల రోజులు అందరి వంతూ నువ్వే జెయ్యాలె" అన్నాడు. పౌరుషం కొద్దీ సరేనన్నాను. మిగతా నలుగురూ లబోదిబోమన్నారు.

నెల రోజులు నా వంట తినడమంటే మాటలా? అందుకే ఆ పిట్ట లేవాలని నాకంటే వాళ్లకే ఎక్కువ ఆత్రం. ఒకరు మిష్కాక్ కాల్చే బండి దగ్గర మాంసం గుచ్చే వెదురు పుల్లలు అడిగి తెచ్చారు. ఒకరు కొత్తిమీర కట్టలకు చుట్టి వచ్చే రబ్బరు బ్యాండ్లు పోగుచేశారు. లాండ్రీ నుంచి వచ్చిన పలచటి కవరు రెక్కలకు సరిపోయింది. అంతవరకు బాగానే ఉంది. కానీ మేమంతా కట్టుబడి పనివాళ్లం, ఏది కట్టినా గట్టిగా కట్టడం తప్ప మాకు ఇంకోటి తెలియదు. రాడ్లు కట్టే రాడ్డన్న, "ముడి వదులైతె ఇంజినీర్ ఊకుంటడా?" అంటూ ప్రతి కీలుకూ బైండింగ్ వైరు చుట్టాడు. ఒక్క పుల్ల చాలదని ఇంకొకరు రెండు కలిపారు. నేను వాటి మీద జిగురు ప్లాస్టరింగ్ చేశాను. శుక్రవారానికి మా పిట్ట భూకంపం వచ్చినా చెక్కుచెదరకుండా తయారైంది. డాబా మీద నుంచి వదిలితే రెక్క ఒక్కసారి కూడా ఆడలేదు, ఇటుకలా కింద పడింది. (ఏమాటకామాట, ఒక్క ముక్కా విరగలేదు.)

"ఇంకొక్క శుక్రారం ఇయ్యి మామా" అని బతిమాలాను. మామ పిట్టను అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. తర్వాత బ్లేడు తీసుకుని కూర్చున్నాడు. బాగుచేస్తే ఓడిపోయేది ఆయనే కదా అని గుర్తుచేశాను. "ఓడితె వండుత. పని గింత ఆగమాగం ఉంటె సూసుకుంట ఎట్ల గూసుంటర? స్లాబ్ అంటె బరువు మోసేటట్టు కట్టాలె. దీంట్లకెల్లి ఏమేం దీసెయ్యొచ్చో సూడాలె" అన్నాడు. వారమంతా డ్యూటీ దిగగానే అదే పని. వైర్లన్నీ విప్పి దారం ముడులేశాడు. పుల్లల్ని నిలువునా చీల్చి గడ్డిపోచంత సన్నగా గీశాడు. రెక్కలు ఆడించే వంపు కమ్మీని కాగితాలకు పెట్టే క్లిప్పుతో చేశాడు. ఇరవై ఏళ్లుగా నాలుగంగుళాల మేకులు కొట్టిన చేతులవి. ఆ వేళ్లు అంత మెత్తగా కదులుతుంటే మేం గుడ్లప్పగించి చూశాం.

ఆ శుక్రవారం పొద్దున్నే సముద్రం ఒడ్డునున్న బర్కా వెళ్లాం. అక్కడ ఒక ఖర్జూరం తోటలో మామ ఊరివాడే పనిచేసేవాడు. మామ పిట్టను పట్టుకుంటే నేను రబ్బరు మెలితిప్పాను. నెల రోజుల వంట కళ్ల ముందు కనిపించి, పిట్టను అందుకుని బలంకొద్దీ విసరబోయాను. "ఇసరకు, ఇడిసిపెట్టు" అన్నాడు మామ. విడిచిపెట్టాను. టపటపటప... పిట్ట కాస్త కిందికి జారి, అక్కడే తేరుకుని, మా తలల మీదుగా లేచింది. ప్రతి రెక్క ఊపుకూ మెట్టు ఎక్కినట్టు పైకి పోతోంది. ఇంతలో సముద్రం వైపు నుంచి గాలి తగిలింది. ఖర్జూరం మట్టల పైనుంచి, పక్క తోట గోడ దాటి వెళ్లిపోయింది. అబద్ధం ఎందుకు, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పందెం సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆరుగురి జేబుల్లో ఆరు ఫోన్లున్నాయి, ఒక్కడికీ తీయాలని తోచలేదు. మధ్యాహ్నం దాకా పక్క తోటంతా వెతికాం, పిట్ట దొరకలేదు.

మామ మాట తప్పలేదు, నెల రోజులూ నా వంతు వండాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు పని మానేసి ఊరికి వెళ్లిపోయాడు. ఇప్పుడు రూమ్‌లో పెద్దవాణ్ణి నేనే. ఈ కథ చెబితే పిల్లగాళ్లు ఒక్కరూ నమ్మరు, నా వంట తిన్నవాళ్లు అసలే నమ్మరు. మొన్న ఫోన్‌లో మామతో వాపోయాను: "ఒక్క వీడియో అన్న తీసుకోకపోతిమి మామా. ఆ పిట్ట యాడ పడ్డదో ఏమో."

"దొరకలే గదా," అన్నాడు మామ తాపీగా. "మరి పడ్డదని ఎవడన్నడుర?"

నవ్వి ఫోన్ పెట్టేశాను. కానీ నిన్న సైట్ పని మీద బర్కా వెళ్తూ ఆ తోట గోడ పక్కన నాకు తెలియకుండానే బండి ఆపేశాను. గడ్డం నెరిసిన మనిషిని, కిటికీలోంచి తల బయటపెట్టి, వెనక బండివాడు హారన్ కొట్టేదాకా ఆకాశంలోకి చూస్తూ ఉండిపోయాను.