అలుగు మీది గడ్డపెళ్లలు

పందొమ్మిది వందల అరవైల్లో నేను చెరువుల శాఖలో సూపర్‌వైజర్‌ని. ఒక వానాకాలం, సూపర్‌వైజర్లందరూ పాలమూరులో పదిహేను రోజుల శిక్షణకు రావాలని తాఖీదు వచ్చింది. సర్టిఫికెట్ లేకపోతే ఉద్యోగం ఖాయం కాదట. చెరువులు నిండే నెలలో చెరువులు చూసేవాళ్లను తరగతిలో కూర్చోబెట్టిన ఆ తెలివికి ఇప్పటికీ దండం పెడతాను.

జడ్చర్ల అవతల నా కిందున్న ఒక చెరువులో నీళ్లు ఎక్కువ నిలవాలని రైతులు, నిండిన నీళ్లు పొర్లిపోయే అలుగు మీద గడ్డపెళ్లలు పేర్చేవారు. పెద్దవాన పడితే కట్ట తెగకుండా వాటిని తీసేయడం నీరటి పని. పొలాలకు నీళ్లు వదిలేదీ ఆయనే. ఏ వానకు తీయాలో ఆ ముసలాయనకే తెలుసు. కిందటేడు ఆయన తీశాక వానలు మొహం చాటేసి, చెరువు నిండలేదు. పై అధికారి నన్ను నలుగురిలో కడిగేశాడు. ఆ ఉక్రోషం నాకు పోలేదు.

బయల్దేరేముందు గట్టిగా చెప్పాను. "నా మాట లేనిదే గడ్డపెళ్ల ముట్టొద్దు తాతా."

"వాన గట్టిగ గొడితే ఎట్ల సారూ?"

"కబురు పంపు."

శిక్షణలో చెప్పిందల్లా ఒకటే: తప్పు జరిగితే బాధ్యుణ్ని గుర్తించి నివేదిక రాయాలి. ఎనిమిదో రోజు కుండపోత వాన పట్టుకుంది. నీరటి అల్లుడు తడిసి ముద్దై తరగతి గుమ్మంలో నిలబడ్డాడు.

"సారూ, తియ్యమంటరా? మామ అడగమన్నడు."

నేను లేవబోయాను. "బయటికి వెళితే పేరు కొట్టేస్తాను" అన్నాడు పాఠం చెప్పేవాడు. ఒక్క మాట చాలు. అయినా, ఆగమని చేయి చూపి కూర్చున్నాను. రెండు గంటల తరువాత తరగతి వదిలాక, "తీసేయమను" అన్నాను. అతను ఊరు చేరేసరికి కట్ట తెగి, నాట్లన్నీ కొట్టుకుపోయాయి.

నివేదిక నేనే రాశాను, నేర్పినట్టే. బాధ్యుడు నీరటి.

విచారణలో ముసలాయన, "సారే ముట్టొద్దన్నడు" అన్నాడు. అధికారి నా వైపు చూశాడు.

"అబద్ధం" అన్నాను.

ఆయనకు తాతల నాటి నుంచి వస్తున్న పని పోయింది. నెల తిరక్కుండా నాకు సర్టిఫికెట్ వచ్చింది, ఉద్యోగం ఖాయమైంది.

తరువాత దారిలో ఎదురైనప్పుడల్లా ఆయన పక్కకు జరిగి, ఎప్పటిలాగే దండం పెట్టేవాడు. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ని. అయినా నిజం మాత్రం ఎవరికీ చెప్పలేదు.