దిమ్మగుంట గోడ మీద గీతలు

మొన్న శనివారం పొద్దున రెడ్‌మండ్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉప్మా తింటుంటే, ఎదురుగా కూర్చున్న మా అల్లుడు ఫోనులోంచి తల ఎత్తకుండానే ఒక వార్త వడ్డించాడు. "మామయ్య గారూ, మీ కొండ అమ్మేస్తున్నారట. కాస్ట్ కటింగ్ అట. మా ఆఫీస్‌లో స్కీ చేసేవాళ్ళు అనుకుంటున్నారు. కన్ఫర్మ్ కాలేదు, రూమరే లెండి." నేను ఏళ్ళ తరబడి పనిచేసిన స్కీ కొండను మీ కొండ అన్నందుకు నాకు ముచ్చటే వేసింది. కానీ అంతటితో ఊరుకోకుండా, జనాన్ని కుర్చీల్లో పైకి మోసే ఆ పాత లిఫ్టు మూసేస్తారట, దాని తాడు సాగిపోయిందట అని కూడా అన్నాడు. నేను చెంచా పళ్ళెంలో పెట్టేశాను. సాగిందని ఎవరు చూశారు, ఏ నెలలో చూశారు, కుర్చీలు ఉండగా చూశారా దించాక చూశారా అని నేను గొంతు పెంచేసరికి, మా అమ్మాయి వంటింట్లోంచి వచ్చి "నాన్నా, బీపీ" అంది. బీపీ సంగతి తరవాత. ఈ అబద్ధాన్ని, ఇదే కొండ మీద, ఇదే లిఫ్టు గురించి నేను ముప్పై ఏళ్ళ కిందట ఒకసారి విన్నాను.

నా ఈడు వాళ్ళకు చెబితే తెలుస్తుంది. మనవాళ్ళు చాలామంది ఈ అమెరికాకు డిగ్రీలు పట్టుకొని వచ్చారు. నేను ఏడో తరగతితో బడి మానేసిన వాణ్ణి. బొగ్గుబాయిలో బొగ్గు తీసేశాక మిగిలే బొందలు పూడ్చడానికి గోదావరి ఇసుక కావాలి కదా, ఆ ఇసుకను మైళ్ళ దూరం నుంచి గాలిలో ఉక్కు తాడు మీద తొట్టెల్లో మోసుకొచ్చే రోప్‌వే ఒకటి ఉండేది, దాని చక్రాలకు గ్రీజు పూయడం నా పని. తాడు ఎప్పుడూ బిగువుగా ఉండాలని దాని చివర ఒక లోతైన గుంటలో ఇంత పెద్ద కాంక్రీటు దిమ్మ వేలాడదీస్తారు. తాడు సాగితే దిమ్మ దిగుతుంది, బిగిస్తే ఎక్కుతుంది. మా మేస్త్రీ ప్రతి శనివారం నా చేతికి సున్నం డబ్బా ఇచ్చి గుంటలోకి దింపేవాడు. "దిమ్మ యాడుందో గోడ మీద గీత గియ్యిరా. రేపు ఎవడన్న అడిగితే నీ నోటి మాట నమ్ముతడా?" అనేవాడు. గీత పక్కన తేదీ లేకపోతే మళ్ళీ దింపేవాడు. అప్పట్లో ఆయన్ని మనసులో ఎన్ని తిట్టుకున్నానో.

మా అక్క ఈ రాష్ట్రంలోనే కొండల అడుగున ఒక చిన్న ఊళ్ళో నర్సుగా ఉండేది. ఆమె పెట్టిన కాగితాలు ఏళ్ళ తరబడి నానీ నానీ, చివరికి నాకు ముప్పై తొమ్మిదో ఏట ఇక్కడికి దారి దొరికింది. వచ్చిన కొత్తలో ఆ ఊరి పైనున్న స్కీ కొండ మీద హోటలు వంటింట్లో గిన్నెలు తోమాను. మంచు మీద జారడానికి జనం డబ్బులిచ్చి పైకెక్కుతారని అప్పుడే తెలిసింది, నవ్వుకున్నాను. కానీ వంటింటి కిటికీలోంచి చూస్తే, తొట్టెల బదులు కుర్చీలు, ఇసుక బదులు మనుషులు, మిగతాదంతా మా రోప్‌వేనే. ఒకరోజు మూడో స్తంభం మీద చక్రం ఒకటి ఏడుస్తున్నట్టు వినిపించింది. లిఫ్టుల ఫోర్‌మన్ దగ్గరికి తడి చేతులతోనే పరుగెత్తి, ఇంగ్లీషు చాలక నోటితో ఆ చప్పుడు చేసి చూపించాను. ఆయన గడ్డం గోక్కుంటూ నన్నొక వింత జంతువును చూసినట్టు చూసి, స్తంభం ఎక్కి దిగి, "బేరింగ్ పోయింది. నువ్వు గిన్నెల దగ్గర ఏం చేస్తున్నావయ్యా?" అన్నాడు. మరుసటి వారం నేను ఆయన మనిషిని. లిఫ్టు పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకొని చదివాను, మా ఆవిడ పప్పు కలుపుతూ ప్రశ్నలడిగేది, తప్పు చెబితే నెయ్యి వేసేది కాదు.

అక్కడా ఒక దిమ్మగుంట ఉంది. అలవాటు పోతుందా, పసుపు పెయింటు తీసుకొని గీతలు మొదలుపెట్టాను. జనవరిలో గడ్డ కట్టే చలిలో ఒకటి, ఆగస్టు ఎండల్లో ఒకటి. చలికి చ, ఎండకు ఎ, పక్కన సంవత్సరం. ఫోర్‌మన్ చూసి "ఏంటిది, మీ మంత్రమా?" అని ఎగతాళి చేశాడు. సాక్ష్యం అన్నాను. ఎవరి మీద అన్నాడు. ఇంకా తెలియదు అన్నాను.

ఎనిమిదేళ్ళ తరవాత తెలిసింది. వరసగా రెండు చలికాలాలు మంచు ఆలస్యంగా పడింది. కొండ సొంతదార్లు ఎక్కడో దూరపు నగరంలో ఉండే కంపెనీవాళ్ళు. ఖర్చు తగ్గించాలని ముందు కాఫీ మిషను పీకారు, తరవాత షెడ్డులో హీటరు ఆపారు, ఆ తరవాత మా ఆరుగురిలో నలుగురిని ఇంటికి పంపారు. కొండ అమ్ముతారని, కొన్నవాళ్ళు లిఫ్టులు పీకి ఇళ్ళు కడతారని కిరాణా కొట్టులో కూడా అదే మాట. ఆగస్టులో కంపెనీ ఒక సలహాదారుణ్ణి పంపింది. ఏటా ఆ నెలలో కుర్చీలన్నీ దించి, పరీక్షించి, రంగులేయడం మా ఆనవాయితీ. కుర్చీలు కార్లు నిలిపే మైదానంలో ఆరుతుండగా ఆయన వచ్చి, గుంటలోకి టార్చి కొట్టి, దిమ్మ నేలకు జానెడు ఎత్తులో ఉండటం చూసి, తాడు సాగడానికి ఇక చోటు లేదు, దీని పని అయిపోయింది, కొత్త తాడు ఈ కొండకు దండగ అని రాసేశాడు. లోపలికి దిగనైనా లేదు. ఎండకు ఉక్కు పొడుగవుతుందనీ, కుర్చీల బరువు లేకపోతే స్తంభాల మధ్య తాడు వేలాడటం తగ్గి, ఆ మిగిలిన పొడుగంతా వచ్చి దిమ్మను దించుతుందనీ మా బొగ్గుబాయిలో గ్రీజు పూసేవాడికి తెలుసు. అదే చెప్పబోతే ఆయన నా వైపు తిరిగి, నువ్వు చదివింది ఏ కాలేజీ అని అడిగాడు. ఆ మాట ఈనాటికీ చెవిలో ఉంది. లిఫ్టు ఇక తెరవరని, సెప్టెంబరుతో నా ఉద్యోగం ఆఖరని సాయంత్రానికి కాగితం వచ్చింది. ఇంట్లో చదువుకునే పిల్ల, నలభై ఎనిమిదేళ్ళ వయసు, మళ్ళీ గిన్నెలు తోమాలా అనుకున్నాను.

మా మేనేజరమ్మ ఆ కొండ మీదే స్కీ నేర్చుకొని పెరిగిన మనిషి. ఆ కాగితం మీద సంతకం ఆమెదే, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడవడం తరవాత, ముందు నాతో గుంటలోకి దిగండి అన్నాను. దిగింది, మంచి బూట్లతోనే. టార్చి వేసి గోడ చూపించాను. మొదటి రెండేళ్ళు గీతలు కాస్త కాస్త కిందికి జరిగాయి, అప్పట్లో తాడు కొత్తది, కొత్తది అలాగే సాగి సర్దుకుంటుంది. ఆ తరవాత ఆరేళ్ళ ఎ గీతలన్నీ కింద రెండు వేళ్ళ మందంలో ఒకదాన్నొకటి ఒరుసుకొని ఉన్నాయి, చ గీతలన్నీ నా ఛాతీ ఎత్తులో అలాగే గుమిగూడి ఉన్నాయి. ఆమె ఒక్కొక్క గీతను వేలితో తాకుతూ లెక్కపెట్టి, "అంటే ఇది ప్రతి ఆగస్టులోనూ ఇక్కడే ఉంటుందా?" అంది. ప్రతి ఆగస్టులోనూ అన్నాను. పైనుంచి ఫోర్‌మన్ తొంగిచూసి "మంత్రం పనిచేసింది!" అని అరిచాడు.

ఆమె కంపెనీని అడక్కుండానే రాష్ట్రం వాళ్ళ లిఫ్టు ఇన్‌స్పెక్టరును పిలిపించింది. ఆయన రెండు రోజులు తాడు వెంట నడిచి, లోపలి తీగలను కూడా పరికరంతో పరీక్షించి, ఇంకా చాలా ఏళ్ళు నడుస్తుందని రాసిచ్చాడు. ఆ కాగితం చూపించి మేనేజరమ్మ నా ఆఖరి రోజును వాయిదా వేయించింది. అయినా కంపెనీవాళ్ళు నమ్మక అక్టోబరులో ఇద్దరిని పంపారు, సలహాదారూ వెంట వచ్చాడు. కుర్చీలు మళ్ళీ తగిలించాం. మొదటి గడ్డచలి పొద్దున అందరం గుంట చుట్టూ నిలబడ్డాం. ఆగస్టులో నేలకు జానెడు ఎత్తుకు దిగిన దిమ్మ అప్పటికే నా ఛాతీ ఎత్తుకు ఎక్కి, పసుపు చ గీతలకు రెండంగుళాల కింద నిలబడి ఉంది. జనవరికి ఆ రెండంగుళాలూ ఎక్కుతుంది, రాసుకోండి అన్నాను. సలహాదారు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. నేను ఏ కాలేజీ అని ఆయన మళ్ళీ అడుగుతాడేమోనని కాసేపు ఆశగా చూశాను, అడగలేదు.

లిఫ్టు నడిచింది. నడిచే కొండను పీకి ఇళ్ళు కడతామంటే ఊరు ఊరుకోదని కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు. సీజను తెరిచే రోజున మొదటి కుర్చీ తెల్లవారకముందే వచ్చి వరసలో నిలబడ్డవాళ్ళది, అదక్కడి ఆచారం. ఆ ఏడు వరసలో ముందున్న కుర్రవాళ్ళే పక్కకు జరిగి మా ఇద్దరినీ ఎక్కమన్నారు. మా ఆవిడ చీర మీద మగ కోటు, తలకు మంకీ క్యాపు. సగం ఎత్తుకు పోయాక నా మోచెయ్యి పట్టుకొని "ఆగిపోతే?" అంది. ఆగదే, గ్రీజు పూసింది నేనే కదా అన్నాను. "అందుకే భయం" అంది. కిందనుంచి చప్పట్లు పైదాకా వినిపించాయి. నా జీవితంలో అంత ఎత్తుకు నేను మళ్ళీ ఎక్కలేదు.

ఉప్మా సగంలో వదిలేసి ఇదంతా చెబితే మా అల్లుడు కారు తాళాలు తీసుకొని రెండు గంటలు డ్రైవ్ చేశాడు. కొండ దగ్గర లిఫ్టులు చూసుకునేది మా అమ్మాయి ఈడు మనిషి, మూడు లిఫ్టులకూ ఆమె ఒక్కతే. నా పేరు చెబుదామనుకునేలోపే "గీతల పెద్దమనిషి మీరేనా?" అంది. మోకాళ్ళను తిట్టుకుంటూ గుంటలోకి దిగాను. నా తరవాత రెండుసార్లు తాడు మార్చారట, అందుకని పసుపు గీతల పక్కన నీలం గీతలు, వాటి పక్కన తెల్లవి. ప్రతి దాని పక్కనా వంకరటింకరగా ఒక చ, ఒక ఎ. అవి అక్షరాలని వాళ్ళెవరికీ తెలియదు, చలికీ ఎండకూ లిఫ్టువాళ్ళ గుర్తులనుకొని ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారు. మా అల్లుడు గోడ మీద తెలుగు చూసి నోరు తెరిచాడు. తాడు సాగిపోయిందన్న మాటకు ఆమె పోయిన వారమే ఈ గోడను ఫోటో తీసి ఆఫీసుకు పంపిందట, వాళ్ళు నోరు మూసుకొని ఆ మాట వెనక్కి తీసుకున్నారట. అమ్మకం మాట మాత్రం ఇంకా నలుగుతూనే ఉందట.

మా మేనేజరమ్మ మంచి బూట్లతో ఈ గుంటలోకి దిగింది. ఇప్పటివాళ్ళు ఫోటోకే లొంగారంటే సంతోషమే, కానీ కొండను కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఒక్కసారైనా దాన్ని చేత్తో తాకకుండానే వ్యవహారం ముగించేసే రోజులు వచ్చాయి. ఆరుగురం కలిసి తిన్న షెడ్డులో ఇప్పుడు ఒక కుర్చీయే ఉంది. పైకెళ్ళే కుర్చీలో నా పక్కన కూర్చోవలసిన మనిషీ లేదు.

ఈ ఏటి ఎ ఇంకా గీయలేదని లిఫ్టులు చూసుకునే ఆమె తెల్ల పెయింటూ కుంచే నా చేతికిచ్చింది. గీశాను. పాతవాటి మధ్యలోకి సరిగ్గా ఒదిగింది. జనవరిలో చ గీయడానికి కూడా రమ్మంది. అప్పటికి కొండ ఎవరిదవుతుందో నాకు తెలియదు, ఆమెకూ తెలియదు. వస్తానన్నాను.