షీటులో గడి లేని సంగతి

కరోనా తర్వాత చిప్పులు దొరకని రోజుల్లో నేను ప్రత్తిపాడు దగ్గర ఒక చిన్న కర్మాగారంలో టెస్టింగ్ ఆపరేటర్‌ని. బోరు మోటార్ల స్టార్టరు పెట్టెల్లో బిగించే కంట్రోల్ కార్డులు అక్కడ తయారయ్యేవి. వోల్టేజీ హద్దు దాటితే మోటారు కాలిపోకుండా ఆపేయడం ఆ కార్డు పని. చివరి బల్ల నాది. నేను సంతకం పెడితేనే కార్డు బయటికి వెళ్లేది.

అంతకుముందు కార్డు మధ్యలో ఒక చిప్పు ఉండేది. గోరంత నల్ల బిళ్లలో ఎన్నో భాగాలు ఇమిడి ఉంటాయి. వేడికి తగ్గ సర్దుబాటు కూడా లోపలే జరిగిపోతుంది. అది దొరక్క, మా డిజైన్ ఇంజనీరు ప్రభాకర్ గారు ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు ఒక్కొక్కటీ విడిగా పేర్చి కొత్త కార్డు గీశారు. ఆయన అన్నేళ్లూ చిప్పులతోనే పనిచేసిన మనిషి. ఈ కార్డు నిలబడకపోతే ఆయన ఉద్యోగం నిలబడదని అందరికీ తెలుసు.

నేను అక్షరాలు నేర్చుకుంది నలభై ఆరో ఏట. అంతవరకు చేత్తో తాకి, కరెంటు కలిపి తెంచే రిలే చప్పుడు విని కార్డు మంచిచెడ్డలు చెప్పేదాన్ని. చదవడం వచ్చాక టెస్ట్ షీటు నా చేతికిచ్చారు. పదకొండు గడులు. అన్నిట్లో అంకెలు వేసి, కింద నా పేరు రాసేదాన్ని. ఆ కాగితమంటే నాకు చాలా గురి.

కొత్త కార్డుల మొదటి విడత పరీక్షిస్తుంటే నా వేలు ఒక ట్రాన్సిస్టరుకు ఆనింది. వోల్టేజీ హద్దుకు రాకముందే కార్డు కరెంటు ఆపేసింది. వేలు తీసి కాసేపాగితే మళ్లీ సరిగానే ఉంది. ఇంకో రెండు కార్డులు చూశాను. అవీ అంతే.

సాయంత్రం ప్రభాకర్ గారు నా బల్ల దగ్గరకొచ్చారు. "మరియమ్మా, నీ చేతికేమన్నా తేడా తగిలిందా?"

"షీటులో ఉన్నయ్యన్నీ సరిపోయినయ్యండి," అన్నాను. వేలి సంగతి రాయడానికి అందులో గడి లేదు.

చలికాలం ఇబ్బంది లేకుండా గడిచింది. ఎండలు ముదిరాక మిర్చి రైతులు పెట్టెలు మోసుకొచ్చారు. కరెంటున్నా మధ్యాహ్నం మోటారు ఆగిపోతోందన్నారు. నా బల్ల మీద మాత్రం ప్రతి కార్డూ పనిచేసింది. మీ వైరింగే బాగాలేదని వాళ్లను పంపేస్తూ వచ్చాం. ఒకాయన కదల్లేదు.

"నీ ఫ్యాను కింద ఎందుకాగుద్దమ్మా? మజ్జాన్నం మా చేలోకొచ్చి ఆ రేకు పెట్టె మీద చెయ్యేసి చూడు. తోట వాడిపోతంది అక్కడ."

చెయ్యి అనేసరికి, ఆ రోజు నా వేలి వెచ్చదనానికి కార్డు ఆగిపోవడం గుర్తొచ్చింది. ఆ పెట్టెను ఆవరణలో ఎండకు పెట్టి కరెంటిచ్చాను. పన్నెండు దాటాక టక్కున ఆగింది.

ఈ ఫిర్యాదుల వల్లే ప్రభాకర్ గారిని పనిలోంచి మానిపించి అప్పటికి వారం. యజమానికి చెప్తే, చిప్పులు మళ్లీ వస్తున్నాయి కదా, ఇక ఆ గోలెందుకన్నారు. ప్రభాకర్ గారికి ఫోన్ చేశాను. వేలి సంగతి, ఎండ సంగతి రెండూ చెప్పాను.

"ఆ ట్రాన్సిస్టరు పక్కన, వేడికి సర్దుకునేలా ఒక డయోడు వేస్తే సరిపోయేది మరియమ్మా," అన్నారు.

నేను రిటైరయ్యేలోపు షీటు అడుగున పన్నెండో గడి పెట్టించాను, ఇంకేమైనా గమనించారా అని. షీటు రాసిన మనిషికి తెలిసినంతే షీటులో ఉంటుంది. తెలియనిది చెప్పడానికే చివరి బల్ల దగ్గర ఒక మనిషిని కూర్చోబెడతారు. ఆయన అడిగిన రోజు నేను ఆ పని చేయలేదు.