ఆకు రాలేదాకా

ఇస్త్రీ పనిలో వేడి రెండు వైపుల నుంచి కొడుతుంది. ముందు బొగ్గుల పెట్టె, వెనక పడమటి ఎండ. పెట్టె తన పనిముట్టు కాబట్టి మా వీధి ఇస్త్రీ అక్క దాన్నెప్పుడూ తిట్టలేదు. కోపమంతా ఎండ మీదే. అందుకే బండి పక్కన కానుగ మొక్క నాటింది. మొదటిది ఎండిపోయింది. రెండోది మొండిగా నిలబడి మూడేళ్ళలో ఆమె తల దాటింది. నీడ అప్పుడప్పుడే బండి మీదికి పాకుతోంది.

అంతలో నీళ్ళ పైపులు వేసే మేస్త్రి వచ్చి సున్నంతో గీత గీశాడు. అది సరిగ్గా చెట్టు మొదట్లోంచి పోయింది.

"రేపు తవ్వేస్తాం అక్కా. ఇంకోటి నాటుకో."

"అది పెరిగేదాకా నువ్వు గొడుగు పడతావా తమ్ముడూ?"

మేస్త్రి నవ్వాడు. "సరే, వేర్లతో తీసి పక్కన పెట్టిస్తాలే."

"ఇప్పుడొద్దు. మొదటిదాన్ని నిండా ఆకుతో ఉండగా పీకి నాటి చంపుకున్నాను. అన్ని ఆకులకీ నీళ్ళు కావాలి, తెగిన వేర్లు ఎక్కణ్ణుంచి తెస్తాయి? చలి తగ్గగానే ఇదే ఆకు రాలుస్తుంది. అప్పుడు తీద్దాం."

"అప్పటిదాకా పార పట్టుకుని కూర్చోమంటావా?"

"ఆ చివర నుంచి తవ్వుకుంటూ రా."

మేస్త్రికి అందులో నష్టమేమీ కనిపించలేదు.

గొయ్యి రోజూ దగ్గరికొచ్చింది. ఆకులు పసుపు తిరిగాయి గానీ ఊడలేదు. అక్క బట్టలు మడతపెడుతూ ఒక కన్ను పారల మీద, ఒక కన్ను కొమ్మల మీద వేసి ఉంచింది. గొయ్యి నాలుగిళ్ళ అవతలికి వచ్చాక పొడిగాలి లేచింది. చెట్టు బోడిదైపోయింది.

మర్నాడు మేస్త్రి మూరెడు దూరం వదిలి చుట్టూ తవ్వాడు. ఎత్తబోతే వేర్లను పట్టుకున్న మట్టి బీటలిచ్చింది. అక్క బండి మీది ఇస్త్రీ దుప్పటి లాగి, ఆ ముద్ద చుట్టూ బిగించి కట్టింది. నలుగురు మోసి, బండికి పడమటివైపు తీసిన గోతిలో దింపారు. అక్క ముడి విప్పి దుప్పటిని కిందే వదిలేసింది. నూలుదే, మట్టిలో కలిసిపోతుంది.

తర్వాత చాలారోజులు అదొక ఎండుకర్ర.

"కర్రకి నీళ్ళెందుకక్కా?" అని పాలబ్బాయి ఆటపట్టించాడు.

"నీ చొక్కాకి ఎందుకు చల్లుతానో అందుకే."

ఎవరూ చూడనప్పుడు మాత్రం గోటితో బెరడు గీరి చూసుకునేది. లోపల పచ్చగానే ఉండేది.

మేస్త్రి మిగిలిన గొయ్యి పూడ్చడానికి వచ్చిన రోజున కొమ్మ కొసల్లో ఎర్రటి చిగుళ్ళు మెరుస్తున్నాయి. అతను ఇంటి నుంచి తెచ్చిన పాత దుప్పటి బండి మీద పెట్టాడు.

"చొక్కా విప్పు తమ్ముడూ. దీని మీద మొదటి ఇస్త్రీ నీదే," అంది అక్క.

పెట్టె అందుకునే ముందు బండిని జానెడు పడమటికి, చెట్టువైపు జరుపుకుంది.