హులిగెమ్మ పోసిన మజ్జిగ

పత్తికొండకు పడమట ఒక పల్లెలో, రెడ్ల సుబ్బలక్ష్మమ్మ ఇంట్లో బోయ హులిగెమ్మ పద్నాలుగేళ్లు మజ్జిగ చిలికింది. మొగుడు పోయిన ఏడాదే ఆ కవ్వం తాడు పట్టుకుంది. వెన్న ఆ ఇంటిది. వెన్న తీశాక మిగిలిన మజ్జిగ ఎవరిదని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. హులిగెమ్మ కూలి కింద ఒక ముంతెడు తీసుకునేది. మిగతాదాని కోసం పొద్దెక్కేసరికి తన వాడ బోయగేరి ఆడవాళ్లు చెంబులు పట్టుకుని పెరటి గుమ్మం దగ్గర నిలబడేవాళ్లు. హులిగెమ్మే వరసగా పోసేది. ఏ ఇంట్లో బాలింత ఉందో, ఏ ముసలామెకు ఉత్త సంగటి గొంతు దిగడం లేదో ఆమెకు తెలుసు. వాళ్ల చెంబులో ఇంకొక గరిటె పడేది. ఊళ్లో ఆమెకున్న పెద్దరికం అదొక్కటే.

పంతొమ్మిది వందల యాభై రెండులో వరసగా రెండో ఏడూ వాన మొహం చాటేసింది. జొన్న మోకాలెత్తు లేవకుండానే మాడిపోయింది. మేత లేక జనం మేకలను వచ్చినకాడికి అమ్ముకున్నారు. ఆ శ్రావణంలోనే సుబ్బలక్ష్మమ్మ మేక ఒకటి ఈనిన పదిహేనో రోజున చచ్చిపోయింది. రెండు పిల్లలు మిగిలాయి.

"ఇవి బతికేటివి కాదు. యాడన్నా పారేసి రాపో," అంది సుబ్బలక్ష్మమ్మ.

"నేను సాకుతానమ్మా. బతికితే చెరొకటి."

"సరేలే," అందావిడ, వెనక్కి కూడా తిరక్కుండా.

పుల్లమజ్జిగ మేకపిల్లలకు విరేచనాలు పట్టిస్తుందని హులిగెమ్మకు తెలుసు. పులవని మజ్జిగను గోరువెచ్చని జొన్నగంజిలో కలిపి, గుడ్డపేలిక ముంచి నోట్లో పెట్టేది. పారుకున్న రోజున మజ్జిగ మాని, దానిమ్మ తొక్క కాచిన నీళ్లు తాపేది. నెల తిరిగాక తవుడు అలవాటు చేసింది. తన ముంతలోదంతా వాటికే పోసి, తాను ఉప్పునీళ్లతో సంగటి మింగింది. ఊళ్లో మేకలన్నీ ఎముకలు తేలి ఉంటే, మూడు నెలలకు ఆ రెండూ నూనె రాసినట్టు మెరిశాయి.

సుబ్బలక్ష్మమ్మ కంట పడ్డాయి. "ఏం పెట్టినావే వీటికి?"

ఆవిడ ఇంత శ్రద్ధగా తనను ఒకటి అడగడం అదే మొదలు. హులిగెమ్మ సంబరపడి అంతా చెప్పింది. మజ్జిగెంత, గంజెంత, నెయ్యి కాచాక అడుగున మిగిలే మడ్డిని తవుడులో కలిపితే పెద్ద మేకలు ఎట్లా ఒళ్లు చేస్తాయో కూడా.

వారం తిరక్కుండా సుబ్బలక్ష్మమ్మ కరువుకు అమ్ముకుంటున్న వాళ్ల దగ్గర మేకలు కొనిపించి కొట్టం నింపింది. హులిగెమ్మ సాకిన రెండింటినీ అందులోకే తోలించింది.

"ఇంక ఎవురికీ పోసేది లేదు. మేకల తొట్లో పొయ్యి," అంది హులిగెమ్మతో.

"గేర్లో బాలింతలుండారమ్మా."

"ఉంటే? సర్కారోళ్లు గంజి కేంద్రం పెట్టినారు గదా, ఆడికి పొమ్మను."

హులిగెమ్మ కడవ ఎత్తుకుని బయటికి వచ్చేసరికి ఆడవాళ్లు ఎప్పటిలాగే నిలబడి ఉన్నారు. వాళ్ల మధ్యలోంచే కొట్టానికి పోవాలి. విషయం అప్పటికే తెలిసినట్టుంది. పక్కకు తప్పుకున్నారు. తొట్లో పోస్తుంటే వెనకనుంచి భీమమ్మ వచ్చింది. పక్క గుడిసె మనిషి; కోడలు కని పదిరోజులైంది. చెవి చీలిన మేక ఒకటి తొట్లోంచి మూతి ఎత్తి భీమమ్మను చూసి అరిచింది. పోయిన వారం ఆమె అమ్ముకున్న మేకే.

"మేకలకు మజ్జిగ తాపొచ్చని నువ్వే చెప్పినావంట గదా," అంది భీమమ్మ.

"చెప్పినా వదినా. ఇట్లయితాదనుకోలే."

భీమమ్మ ఖాళీ చెంబుతో వెళ్లిపోయింది.

రెండు రోజులు చూసి, హులిగెమ్మ తొట్లో పోసే మజ్జిగలోంచి చెంబెడు తీసిపెట్టి, తగ్గింది తెలియకుండా మిగతాదాంట్లో నీళ్లు కలిపి, ఆ చెంబును కొంగుచాటున తెచ్చి భీమమ్మ గడపలో పెట్టింది.

"మేకల్ది మాకొద్దు. తీస్కపో," అంది భీమమ్మ.

లోపలినుంచి కోడలు ఆ చెంబునే చూస్తోంది. హులిగెమ్మ దాన్ని ఇంటికి తెచ్చుకుంది. పారబోయడానికి చేతులు రాలేదు. నిలబడే తాగేసింది. తాగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

భీమమ్మ కోడలికి పాలు చాలలేదు. మాఘంలో పసిపిల్ల పోయింది. మజ్జిగ లేక పోయిందని ఎవరూ అనలేదు. ఆ ఏడు గేరిలో ఇంకా ఇద్దరు పిల్లలు పోయారు.

ఉగాదికి ముందు ఆదోని కటికవాళ్లు లారీ తెచ్చి మేకలను ఎక్కించుకున్నారు. తను సాకిన రెండు మేకలనూ ఎక్కిస్తుంటే హులిగెమ్మ ఉండబట్టలేక అడిగింది.

"ఒకటి నాదంటిరి గదమ్మా."

"తల్లి నాది. తాగిన మజ్జిగ నాది. నీదేముండాది దాంట్లో?"

సుబ్బలక్ష్మమ్మ కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. లారీ కదిలాక హులిగెమ్మ ఇంటిదారి పట్టింది. తాపింది తన కూలి ముంతలోదేనని చెప్పాల్సిందని ఇంటికి వచ్చాక తోచింది. మరునాడు చిలకడానికి పోలేదు. పిలవడానికీ ఎవరూ రాలేదు.

తర్వాతి ఏడు వాన పడింది, గడ్డి మొలిచింది. పెరటి గుమ్మం దగ్గర మజ్జిగ పోయడం మాత్రం మళ్లీ మొదలవలేదు. హులిగెమ్మ రోడ్డు పనికి పోయి కంకర కొట్టింది. భీమమ్మ కూడా ఆ కంకర కుప్ప దగ్గరే కొట్టేది. ఇద్దరి మధ్యా ఏడాది పైగా మాటల్లేవు. ఒక మధ్యాహ్నం భీమమ్మ సుత్తి ఆపింది.

"పక్కకు జరుగు. రాయి ఎగిరి కంట్లో పడతాది," అంది.

హులిగెమ్మ జరిగింది. ఇంకేమైనా అంటుందేమోనని కాసేపు చూసింది. భీమమ్మ తల వంచుకుని మళ్లీ కొట్టసాగింది.