గోడ కింద గీసిన రంధ్రం

వానాకాలంలో అడిగిన ప్రశ్నకు చలి మొదలైనా జవాబు రాలేదు. వనపర్తిలో మా ఇంజినీరింగ్ కాలేజీలో పెద్దసారు గది నా గదికి ఎదురుగానే ఉంది. నేను తలుపు దగ్గర నిలబడితే చాలు, మోగని ఫోన్ కూడా ఎత్తుతారు.

కొత్తగా ఉక్కు పోత మొదలుపెడుతున్న ఒక కార్ఖానా మాకు పని అప్పగించింది. కరిగిన ఉక్కును అచ్చులోకి వదిలేముందు ఒక తొట్టిలో పోస్తారు. అందులోని మలినం అక్కడే తేలి, మీద తెట్టులా ఉన్న చిట్టెం పొరకు అంటుకోవాలి. తేలకపోతే అచ్చులోకి పోయి దిమ్మెను పాడుచేస్తుంది. ప్రవాహాన్ని పైకి మళ్లించడానికి తొట్టిలో అడ్డుగోడ కావాలి. అది ఎక్కడుండాలో కంప్యూటర్‌లో లెక్కగట్టింది నేను.

పెద్దసారు నాగర్‌కర్నూల్ కాలువల పనుల్లో జుట్టు నెరిసినవారు. నా బొమ్మలో గోడ అడుగున పెద్ద రంధ్రం గీశారు. పూడిక పోవడానికట!

“సార్, ఉక్కుల మలినం కిందికి దిగదు, తేలుతది. గా బొక్క పెడితే ఉక్కు అడుగుకెల్లే ఉరుకుతది,” అన్నాను.

“మట్టి తేలుతదా? గట్టోనివి కద నువ్వు! పారే కాలువ ఎన్నడన్న చూస్తివా?”

గదిలో అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

గాజు తొట్టి కట్టించి, ఉక్కుకు బదులు నీళ్లు, మలినానికి బదులు నీటికంటే తేలికైన ప్లాస్టిక్ గుళికలు పెట్టాను. రంధ్రం తెరిస్తే గుళికలు నీళ్లతోపాటు బయటికి కొట్టుకుపోయాయి. మూస్తే పైకి తేలాయి.

కార్ఖానా యజమానులు చూడటానికి వచ్చిన రోజు, వాళ్లను గద్వాల స్టేషన్ నుంచి తీసుకురమ్మని నన్నే పంపారు. తిరిగొచ్చేసరికి గుళికలు మాయం. పెద్దసారు కాలేజీ తోటలోని ఎర్రమట్టి చారెడు తెప్పించి నీళ్లలో వేయించారు. మట్టి అడుగుకు దిగి రంధ్రంలోంచి చక్కగా పోయింది.

“చూసిండ్రా!” అన్నారాయన. వాళ్లు చప్పట్లు కొట్టారు.

“సార్, ఉక్కుల ఉండేది మట్టి కాదు...”

“జర ఆగవయ్యా. ముందుగాల చాయ్ చెప్పు.”

చాయ్ చెప్పాను. నాకు కుర్చీ లేదు.

ఇప్పుడు ఆ బొమ్మతోనే గోడ కట్టబోతున్నారు. బొమ్మ కింద ఉన్నది నా పేరు. రేపు దిమ్మెలు పగిలితే వాళ్లు అడిగేది నన్నే.

వానాకాలంలో పెద్దసారును అడిగిందే మళ్లీ అడుగుతున్నాను: సార్, రంధ్రం మూయమని వాళ్లకు చెబుతారా, చెప్పరా? చెప్పకపోతే ఎందుకు చెప్పరో గోడ లేవకముందే నాకు జవాబివ్వండి.